మూడడుగులు తక్కువ

“గేట్, గేట్! గేట్ దిగేవాళ్ళు ముందుకు రండప్పా!” అని కండక్టరు అరిచాడు.

కిటికీలోంచి తల బయటపెట్టి చూశాను. గేటు లేదు. గేటు దేనికోసం పెడతారో ఆ రైలు పట్టాలూ లేవు. చెరుకురసం బండి, పేర్చిన టమోటా క్రేట్లు, పైకప్పు పోయిన చిన్న రాతి గది ఒకటి ఉన్నాయి. నా భర్త సాగర్ రెండు సూట్‌కేసులు పట్టుకొని లేచి, “దిగు జెమీ, ఇదే మన ఊరు,” అన్నాడు.

“గేటేది?”

“నేను పుట్టకముందే పీకేసినారు.”

నాకు నవ్వాగలేదు. అప్పటికి పెళ్ళయి నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ నాకు ప్రతిదానికీ నవ్వు వస్తూనే ఉంది. అతని చొక్కా పక్కన నా చీర ఆరేసి ఉంటే నవ్వు. కండక్టరు రెండు టికెట్లు కలిపి చేతిలో పెడితే నవ్వు. మదనపల్లెలో పుట్టి పెరిగి, అక్కడే హిస్టరీ ఎమ్మే చదివి, చివరికి లేని గేటు పేరు పెట్టుకున్న మిట్టగేటుకు కోడలిగా వచ్చాను. ఇంతకంటే మంచి ఊరు ఉంటుందా అనిపించింది.

సాగర్‌కు పుంగనూరులో ఒక ఆసుపత్రి ల్యాబులో ఉద్యోగం. అక్కడ మేం చూసుకున్న ఇల్లు జులైలోగానీ ఖాళీ కాదు. అందాకా నేను రామకుప్పం దాటాక అడవి అంచున ఉన్న ఈ ఊళ్ళో, అత్తగారింట్లో. అతను శనివారం సాయంత్రం అయిదున్నర బస్సుకు వస్తాడు, సోమవారం తెల్లవారి బస్సుకు పోతాడు. వచ్చేటప్పుడు పుంగనూరు బస్టాండులో మిక్చరు పొట్లం తెస్తాడు. ఆ వేసవంతా నా వారం శనివారంతోనే మొదలయ్యేది.

ఇంట్లో మామ శాలేము రాజు, అత్త నవనీత, సాగర్ తాత జయరత్నం. మామ సంఘపెద్ద. చర్చి తాళంచెవులు మొలతాడుకు కట్టుకొని తిరుగుతాడు. తాతకు ఎనభై రెండేళ్ళు. రైల్వేలో కీమ్యాన్‌గా చేసి రిటైరయ్యాడు. సాగర్ నాయనమ్మ విమలమ్మ ఎనిమిదేళ్ళ కిందట పోయింది.

మే నెల మొదటి ఆదివారం నేను మొదటిసారి ఊరి చర్చికి వెళ్ళాను. చర్చి ముందర రెండు రాతి కూసాల మధ్య గొలుసుతో ఒక రైలు పట్టా ముక్క వేలాడుతూ ఉంది. మూడడుగుల పొడవు, వెండి రంగు పూత. అదే గంట. తొమ్మిదికి పావు తక్కువకు మామ ఇనుప కడ్డీతో దాన్ని కొట్టాడు. పన్నెండు దెబ్బలు. ఆరో దెబ్బకు వీధిలో మొదటి తలుపు తెరుచుకుంది. పన్నెండో దెబ్బకు తెల్లచీరలు, తెల్లచొక్కాలు వీధి నిండా. ఎవరూ గడియారం చూడరు. ఎవరూ తొందరపడరు. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది.

తాత మాత్రం గంటప్పుడు ఊళ్ళో లేడు. ఏడింటికే సుత్తి భుజాన వేసుకొని పాత రైలు కట్ట మీద నడకకు పోయాడు. రెండో కీర్తన పాడుతుండగా వచ్చి, తలుపు పక్కన చివరి చాప మీద కూర్చున్నాడు. ప్రసంగం విన్నాడు. ప్రార్థన చేశాడు. పాస్టరు అయ్యగారు రొట్టె మీది తెల్లగుడ్డ ఎత్తగానే లేచాడు, బయటికి వెళ్ళి చెప్పులు వేసుకొని గోడ పక్కన రాయి మీద కూర్చున్నాడు. అందరం వరసగా వెళ్ళి మోకరించి, నెల మొదటి ఆదివారం ఇచ్చే ప్రభు భోజనం తీసుకున్నాం. చివరి ఆశీర్వాదం దాకా తాత ఆ రాయి మీదే ఉన్నాడు.

ఇంటికి వచ్చాక అత్తను అడిగాను. “తాత యాల బయటికి పోయినాడత్తా?”

అత్త సంగటి కెలుకుతూ, “మా మామ అంతేమ్మా. నేను కోడలుగా వచ్చినప్పట్నుంచీ అంతే,” అంది. కెలకడం ఆపలేదు.

ఆ మరుసటి వారం అయ్యగారు నాకొక పని పెట్టారు. డిసెంబరుకు చర్చి కట్టి డెబ్బై ఐదేళ్ళు. సంచిక వేస్తున్నారు. “కాలేజీ చదివిన పాపవి గదమ్మా, ఊరి గురించి ఏదన్నా రాయి,” అన్నారు. నేను ఒక్క క్షణం ఆలోచించలేదు. పోయిన రైలు గురించి రాస్తానన్నాను.

దానికి తాత కంటే తెలిసినవాళ్ళు ఎవరున్నారు? మరుసటి రోజు నుంచి నేనూ నడకకు తయారయ్యాను.

అది చిన్న గేజి లైను. కుప్పం నుంచి బయలుదేరి, మా ఊరి మీదుగా అడవి దాకా ఇరవై ఆరు కిలోమీటర్లు. మొదట బంగారు గనులకు కట్టెలు మోయడానికి వేశారట. తర్వాత చింతపండు, రాగులు, మనుషులు. రెండు పెట్టెలు, ఒక ఇంజను, పొద్దున పోయి మళ్ళీ వచ్చే ఒకే బండి. లారీలు వచ్చాక ఎక్కేవాళ్ళు తగ్గారు. 1986లో మూసేశారు. ఇప్పుడు మిగిలింది కట్ట, దాని కింద వాననీళ్ళు పోయే మోరీలు. తాత వెనక నడుస్తూ ఇవన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను.

“ఇది ఏంది తాతా, ఇంత పెద్ద పేడ?”

“ఏనుగుది. ఎత్తుపల్లాలు లేకుండా సమంగా ఉంటాది గదా, ఈ కట్ట మీదనే దిగొస్తాయి. ఇప్పుడు ఈ లైన్లో తిరిగే బండ్లు అవే.” అడుగు ముందుకేసి, “టైముకు వస్తాయి గూడా,” అన్నాడు.

కీమ్యాన్ పనేమిటో చెప్పాడు. పట్టాను కింద అడ్డంగా వేసే స్లీపరు దూలానికి బిగించి ఉంచే ఇనుప మేకులాంటి దాన్ని కీ అంటారు. రోజూ తన బీటు, అంటే తన వంతు లైను, మొత్తం నడవాలి. పోయేటప్పుడు ఎడమ పట్టా, వచ్చేటప్పుడు కుడి పట్టా. కీ వదులైతే సుత్తితో కొట్టాలి.

“బీటు ముగిసినాక సారు కాడికి పొయ్యి నిలబడి ‘అంతా సరి’ అని చెప్పాల. ఆ మాట మీదనే బండి పొయ్యేది.”

“రోజూ అంతా సరేనా?”

“లేకుంటే లేదని చెప్పాల. ‘ఫలానా కాడ రెండు కీలు పొయినాయి సార్’ అని. దానికి తిట్టరు. అబద్ధం చెప్తేనే తప్పు.”

పట్టాలు లేని కట్ట మీద కూడా తాత అలాగే నడిచేవాడు, పోయేటప్పుడు ఎడమ పట్టా ఉండిన చోటు చూస్తూ, వచ్చేటప్పుడు కుడి పట్టా ఉండిన చోటు చూస్తూ. ఆ వేసవిలో మాత్రం రెండో మోరీ దగ్గర ఆగిపోయేవాడు. రొమ్ము మీద చెయ్యి పెట్టుకొని, “ఈ ఏడు ఇంతే,” అని వెనక్కి తిరిగేవాడు. పోయినేడు ఐదో మోరీ దాకా పోయేవాడని అత్త చెప్పింది.

రైలుకూ చర్చికీ ఉన్న సంబంధం నాకు చెప్పింది పక్కింటి సిద్దమ్మ. డెబ్బై దాటిన మనిషి, పనసపండు కోస్తూ కూర్చుంది. నేను చేతులకు నూనె రాసుకొని తొనలు ఒలుస్తున్నాను, ఐదు ఒలిస్తే మూడు తింటున్నాను.

“అప్పుడు గంట యాడిది పాపా? రైలు కూతే మాకు గంట. తొమ్మిదికి పావు తక్కువకు గేటు కాడ రెండు కూతలేస్తాది. అప్పుడు లేచి చర్చికి పోవాల. మా నాయన కాలం నుంచీ అంతే. ఇంగ బండి నిలిపేసినారు చూడు, అది శనివారం. ఊరంతా పొయ్యి ఇంజనుకు పూలదండ ఏసి, హారతి ఇచ్చేవాళ్ళు హారతి ఇచ్చి, ప్రార్థన చేసేవాళ్ళు ప్రార్థన చేసి పంపించినాము. నేనైతే ఏడ్సినా.”

“మరుసటి రోజు ఆదివారం కదా?”

“అదే చెప్తాండా. తలకు నూనె పెట్టుకొని, తెల్లకోక కట్టుకొని, బైబులు ఒళ్ళో పెట్టుకొని అరుగు మీద కూసున్నా. కూత రాలే. ఈ దినం బండి లేటనుకున్నా. లేటుగా రావడం దానికి కొత్తా? పది కొట్టింది. ఎదురింటామె గూడా అరుగు మీదనే ఉండాది, ఆమె నన్ను సూస్తాది, నేను ఆమెను సూస్తా. పదకొండయింది. అప్పటి అయ్యగారు చర్చిలో ఒక్కరే కూసోని ఉండారు పాపం. అప్పుడు మా ఇంటాయన అన్నాడు, ‘మే, నిన్ననే గదా దండేసి పంపించినాము!’”

నేను నవ్విన నవ్వుకు తొన గొంతులో ఇరుక్కుంది. సిద్దమ్మ నా వీపు మీద తట్టింది.

“నవ్వుతాండావా? మరుసటి వారమూ అంతే, ఆ మరుసటి వారమూ అంతే. కూత లేంది కాలు లేస్తే గదా! అయ్యగారు ముసిలాయన, వాచిన కాళ్ళతో ఇంటింటికీ వచ్చి పిలిచేవాడు. ఇంగ అప్పుడు రైలోళ్ళే పాపం అనుకొని ఒక పట్టా ముక్క ఇచ్చినారు. మీ తాతే తెచ్చి కట్టినాడు.”

ఇది మంచి కథ. సంచికకు ఇంతకంటే ఏం కావాలి? ఆ మధ్యాహ్నమే చర్చి దగ్గరికి పోయాను. పట్టా ముక్క నడుము మీద పూత కింద ఏవో అక్షరాలు ఎత్తుగా చేతికి తగిలాయి. గీకి చూశాను. పేరు మాసిపోయింది, ఏడాది మాత్రం బాగుంది. 1911. తెల్లకాగితం దాని మీద పెట్టి పెన్సిలు అడ్డంగా రుద్దాను. నల్లటి కాగితంలో తెల్లగా 1911 లేచి వచ్చింది. ఎమ్మే చదివిన రెండేళ్ళలో నాకింత సంతోషం కలగలేదు. ఇంటికి పరిగెత్తాను.

తాత అన్నం తింటున్నాడు. “చూడు తాతా! గంట మీద రాసుంది! రైల్వేవాళ్ళు ఇచ్చిన నాటి కాగితం ఏమన్నా ఉందా? అది కూడా సంచికలో వేద్దాం!”

తాత కాగితం చేతిలోకి తీసుకున్నాడు. ఎడమచేత్తో పట్టుకొని చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని మడవకుండా పక్కన పెట్టి, కంచంలో చెయ్యి కడుక్కొని లేచాడు. సగం అన్నం అలాగే ఉంది.

అత్త నా వైపు చూసింది. నేను ఏం చేశానో నాకు తెలియలేదు.

మరుసటి రోజు రెండో మోరీ గట్టు మీద కూర్చున్నాక తాతే మొదలుపెట్టాడు.

“కాగితం లేదమ్మా. ఎవురూ ఇయ్యలే. నేనే తీసుకున్నా.”

నేను నోటుబుక్కు మూశాను.

“లైను మూసినాక పట్టాలు పీకేదానికి మనుషులు వచ్చినారు. పీకినవి తెచ్చి గేటు కాడ పేర్చినారు. లారీలు వచ్చిందాకా కాపలా నన్నే పెట్టినారు. మా అయ్యగారు ఆ కాళ్ళతో ఇంటింటికీ తిరగడం దినామూ సూస్తాండా. వంపు కాడ గ్యాసుతో కోసేసిన ముక్క ఒకటి పక్కన పడుండాది. మూడడుగులు. గోనెసంచిలో చుట్టి గడ్డివాములో పెట్టినా. ఆఖరున, కడా లారీ పొయ్యేనాడు సారు వచ్చి అడిగినాడు, ‘జయరత్నం, అంతా సరేనా?’ అని.”

మోరీ కింద నీళ్ళు లేవు. ఇసుకలో ఏవో పక్షి అడుగులు ఉన్నాయి. తాత వాటిని చూస్తూ చెప్పాడు.

“‘అంతా సరి సార్’ అన్నా. ఇరవై ఏండ్లు దినామూ చెప్పిన మాట. ఒక్కనాడు అబద్ధం చెప్పలే. ఈ లైను మీద నేను చెప్పిన కడా మాట మాత్రం అబద్ధం.”

“చిన్న ముక్కే కదా తాతా.”

“ఇనుము సంగతి కాదమ్మా.”

ఆ తర్వాత ఆయన్ను బంగారుపేట దగ్గరి మెయిన్ లైనుకు మార్చారు. అక్కడ పద్నాలుగేళ్ళు చేసి రిటైరయ్యాడు. గంట కట్టాక వచ్చిన మొదటి ప్రభు భోజనం రోజే, గుడ్డ ఎత్తుతుండగా లేచి బయటికి వచ్చేశాడట.

“ఇచ్చేసి ఉంటే?”

“ఇస్తే ఊరికి గంట పోతాది. ఇయ్యకుంటే, తప్పు దాచుకొని ఆ రొట్టె ఇచ్చే బల్ల కాడికి పొయ్యే మొగం నాకు లేదు. ఊరంతా బయట నిలబడేదాని కంటే నేనొక్కణ్ణి నిలబడితే పోయె అనుకున్నా. విమలకు గూడా చెప్పలే. చెప్తే ఆమె ఆ గంటకు లేచి పోలేదు.” కాసేపు ఊపిరి తీసుకున్నాడు. “మొన్న నువ్వూ సాగరూ పక్కపక్కన మోకరించి ఉంటిరి. రాయి మీది నుంచి కనపడ్తాండాది.”

లేచి సుత్తి భుజాన వేసుకున్నాడు. నడుస్తూ, “రాసేది ఉన్నది ఉన్నట్టు రాయి. రాసే ముందర దాన్ని ఇచ్చి రావాల,” అన్నాడు.

జూన్ మొదటి ఆదివారం కూడా తాత గుడ్డ ఎత్తగానే లేచాడు. ఆ రోజు నేను మోకరించి తల తిప్పి చూశాను. తలుపులోంచి రాయి మీద ఆయన మోకాళ్ళు కనిపించాయి.

భోజనాల దగ్గర తాతే మామకు చెప్పాడు. సాగర్ కూడా ఉన్నాడు. మామ ముద్ద కిందపెట్టాడు.

“ఏం మాట్లాడతాండావు నాయినా? ముప్పై ఎనిమిదేండ్లు. వారం వారం నేనే కొట్టినా. పెండ్లిండ్లకు కొట్టినా, చావులకు కొట్టినా. మా అమ్మ పోతే కొట్టినా. ఇప్పుడు పొయ్యి అది దొంగసొత్తు అని సంఘంలో చెప్పమంటావా? డెబ్బై ఐదేండ్ల పండగ పెట్టుకొని?”

“నువ్వు చెప్పొద్దు. నేను చెప్తా.”

“నువ్వు చెప్పినా నాకే గదా సిగ్గు!”

“నాన్నా, చిన్నగా మాట్లాడు,” అన్నాడు సాగర్.

“నువ్వు ఊరికే ఉండప్పా. ఎవురికి కావాల ఆ ముక్క? ఆ రైలోళ్ళకే గుర్తు లేదు, ఆ లైను ఉండిందని. ఈ పాప వచ్చి గీకకుంటే…” అని నా వైపు చూసి ఆగిపోయాడు. పెళ్ళయ్యాక మొదటిసారి ఆ ఇంట్లో నవ్వడం ఎలాగో నాకు గుర్తు రాలేదు.

అత్త ఊరుబిండి పచ్చడి గిన్నె పట్టుకొని వచ్చింది. అందరి కంచాల్లో వడ్డించింది. మామ కంచం దగ్గరికి వచ్చినప్పుడు చాలా మామూలుగా అంది:

“మీ అమ్మకు ఆఖరి దినాల్లో అయ్యగారు ఇంటికే వచ్చి రొట్టె ఇచ్చినారు గదా. మంచానికి ఈ పక్క నువ్వు, ఆ పక్క నేను ఉండాము. ఆమె తలుపు దిక్కే సూస్తాండాది. మీ నాయిన ఆడ వాకిట్లో నిలబడి ఉండాడు. లోపలికి రాలే. ఆమె ఏమనుకొని పొయిందో అని నాకు ఇప్పటికీ ఉండాది.”

ఊరుబిండి ఇంకో చెంచా వేసి లోపలికి పోయింది.

తర్వాతి వారం తాత సంఘంలో లేచి నిలబడి నాలుగు మాటల్లో చెప్పాడు. సిద్దమ్మ ఒక్కతే, “ఆ ముక్క లేకుంటే ఇంగా అరుగు మీదనే కూసోని ఉందుము గదన్నా,” అంది. కొందరు నవ్వారు. అయ్యగారు అడిగారు, గంట ఇచ్చేయడానికి సంఘం ఒప్పుకుంటుందా అని. చేతులు ఒక్కొక్కటే లేచాయి. చివర లేచింది మామది.

జులై మొదటి శనివారం సాగర్ సెలవు పెట్టాడు. మామే నిచ్చెన ఎక్కి గొలుసు విప్పాడు. పట్టా ముక్కను బిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద తెచ్చి ఆటోలో మా కాళ్ళ దగ్గర పెట్టాడు. తను రానన్నాడు. ఆటో నడిపే ఘని రామకుప్పం మనిషి. విషయం అతనికీ తెలుసు, ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు.

“ఏంది తాతా,” అన్నాడు బండి స్టార్టు చేస్తూ, “అందరూ రైలెక్కి కుప్పం పోతారు. నువ్వు రైలునే ఎక్కించుకొని పోతాండావే!”

తాత నవ్వాడు. దారంతా ఒక పాదం ఆ ముక్క మీద ఆనించి కూర్చున్నాడు, గుంతల్లో కదలకుండా.

కుప్పంలో పట్టాల పనులు చూసే ఆఫీసులో ఇంజనీరు ఒక అమ్మాయి. నాకంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో. సాగర్ చెప్పిందంతా ఓపిగ్గా విన్నది. కంప్యూటరులో వెతికింది. బీరువాలోంచి పాత పటం తీసి చూసింది.

“ఆ లైనే మా రికార్డులో లేదండీ,” అంది. “మూసేసి, సామానంతా సరిపోయిందని అప్పుడే ముగించేసి ఉంటారు. ఇప్పుడు ఏ లైను కింద తీసుకోవాలి దీన్ని? నిజంగా నా చేతిలో లేదు. ఇంటికి తీసుకెళ్ళండి తాతగారూ. ఎవరూ ఏమీ అనరు.”

“విన్నావు కదా తాతా,” అన్నాడు సాగర్.

తాత కదల్లేదు. పట్టా ముక్క గుమ్మం బయట అరుగు మీద ఉంది. అప్పుడే నారింజరంగు చొక్కా వేసుకున్న ఒక కుర్ర కీమ్యాన్ వచ్చాడు. భుజాన పొడుగు సుత్తి, చెమటతో ముఖం మెరుస్తోంది. జేబు మీద నరేష్ అని పేరు కుట్టి ఉంది. సుత్తి గోడకు ఆనించి, బల్ల ముందు నిటారుగా నిలబడ్డాడు.

“నా బీటు చూసొచ్చినా మేడమ్. వంతెన అవతల ఒక కీ వదులుంటే కొట్టినా. మిగతా అంతా సరి.”

“సరే నరేష్. వెళ్ళు,” అంది ఆమె, రాసుకుంటూ.

నరేష్ పక్కకు తప్పుకున్నాడు. తాత ముందుకు వచ్చి సరిగ్గా అతను నిలబడ్డ చోటే నిలబడ్డాడు. చేతులు పక్కలకు ఆనించుకున్నాడు. ఆ వేసవిలో ఆయన వీపు అంత నిటారుగా నేను చూడలేదు.

“జయరత్నం, కీమ్యాన్. మిట్టగేటు బీటు మేడమ్. పట్టాలు, స్లీపర్లు, కీలు అన్నీ లారీకి ఎక్కినాయి. మూడడుగులు తక్కువ. నేను తీసుకున్నా.”

ఆమె రాయడం ఆపింది. తాతను చూసింది, మమ్మల్ని చూసింది, మళ్ళీ తాతను చూసింది. కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడింది.

“సరే జయరత్నం,” అంది. “మీరు వెళ్ళొచ్చు.”

అంతే. తాత తల ఊపి బయటికి వచ్చాడు. ఆమె నరేష్‌తో, “ఆ ముక్క గ్యాంగు గది దగ్గర పెట్టించు,” అనడం వినిపించింది. నరేష్ దాన్ని ఒక్క చేత్తో ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. “మా గదికి గంట లేదు తాతా. మంచిది తెచ్చినావు,” అన్నాడు. తాత అతని సుత్తి చేతిలోకి తీసుకొని బరువు చూసి, “పిడి వదులుండాది, చూసుకో,” అని తిరిగి ఇచ్చాడు.

ఆటో ఎక్కే ముందు సాగర్ మాకు ఐస్ కొనిచ్చాడు. తాత పుల్ల ఐస్ తిన్నాడు. నాలుక నారింజరంగయింది. ఘనికి చూపించాడు కూడా.

మరుసటి రోజు జులై మొదటి ఆదివారం. ముందు రాత్రే నేను సంచికకు రాయాల్సింది ఉన్నది ఉన్నట్టు రాసి పెట్టాను. పుంగనూరు ఇంటి తాళంచెవి నా హ్యాండుబ్యాగులో ఉంది. గంట ఉండదని ముందు వారమే చర్చిలో చెప్పారు. ఫోన్లలో మెసేజీలు కూడా పెట్టారు. “గంట లేకుంటే ఏమప్పా, నాకు గొంతు ఉండాది,” అన్నారు అయ్యగారు.

అయినా తొమ్మిదికి పావు తక్కువకు వీధి వీధంతా తెల్లబట్టలు కట్టుకొని అరుగుల మీద కూర్చొని ఉంది. సిద్దమ్మ బైబులు ఒళ్ళో పెట్టుకొని ఉంది. ఎదురింటివాళ్ళు ఆమెను చూస్తున్నారు, ఆమె వాళ్ళను చూస్తోంది. మామ ఖాళీ కూసాల మధ్య ఇనుప కడ్డీ పట్టుకొని నిలబడి ఉన్నాడు, అలవాటుగా తెచ్చుకున్నాడు. నేనూ తయారై, చెప్పులు వేసుకొని గుమ్మంలో నిలబడ్డాను. దేనికోసం చూస్తున్నానో కాసేపటికిగానీ నాకే తట్టలేదు. నేనూ ఆ ఊరిదాన్నయిపోయాను.

తాత బయటికి వచ్చాడు. తెల్లపంచె, తెల్లచొక్కా, తలకు నూనె. ఆ పొద్దున నడకకు పోలేదు. సుత్తి మూలనే ఉంది. వీధి నడుమ నుంచి, తన బీటు మీద నడిచినట్టే, తొందర లేకుండా, ఆగకుండా నడిచాడు.

“ఏమన్నా, ఇంత పొద్దున్నే యాడికి?” అంది సిద్దమ్మ.

“చర్చికి. టైమయింది.”

సిద్దమ్మ లేచింది. ఎదురింటామె లేచింది. తాత దాటిన ఒక్కొక్క ఇంటి దగ్గర అరుగు ఖాళీ అవుతూ వచ్చింది. మేం చర్చి చేరేసరికి వెనక వీధి నిండిపోయింది. మామ కడ్డీని గోడకు ఆనించి లోపలికి వచ్చాడు.

కీర్తనలు అయ్యాయి. ప్రసంగం అయింది. అయ్యగారు తెల్లగుడ్డ ఎత్తారు. చివరి చాప మీద తాత లేచాడు.

నేను తల దించుకున్నాను. ఆయన చెప్పులు అరిగి, రాతి మీద టక్కుమంటాయి. ఆ చప్పుడు కోసం ఎదురుచూశాను. సాగర్ మోచేత్తో నన్ను పొడిచాడు. మా వరస కదిలింది. వెళ్ళి మోకరించాను. నాకు ఎడమ పక్కన సాగర్. కుడి పక్కన ఎవరో మెల్లగా, మోకాలి మీద చెయ్యి ఆనించి వంగుతున్నారు. కొబ్బరినూనె వాసన వచ్చింది. నేను తల తిప్పలేదు.

బయటికి వచ్చాక చూశాను. గుమ్మం దగ్గర అన్ని చెప్పుల మధ్య తాత చెప్పులు పొద్దున విడిచినచోటే, మొనలు లోపలివైపుకు తిరిగి ఉన్నాయి.